తలుపు తట్టే విద్య

ఫోను తెరమీద మెరిసి మాయమయ్యే ఒక్క పంక్తిని పంపటానికి ఎంత నేర్పు కావాలి? అంతకు మించి, ఎంత సంయమనం కావాలి?

"టెలిగ్రామ్!"

వీధిలో సైకిలు గంట మోగి ఆ కేక వినవచ్చిందంటే, ఒకప్పుడు ఇంటిల్లిపాదీ ఉన్నచోటనే నిలిచిపోయేవారు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయేది. ఇంటిపెద్ద వణికే వేళ్ళతో సంతకం చేసి, కాగితం విప్పి, అందులోని నాలుగు మాటలూ చదివేదాకా ఎవరికీ ఊపిరి ఆడేది కాదు. అది ఉద్యోగం వచ్చిందన్న శుభవార్త కావచ్చు. ఊళ్ళో పెద్దదిక్కు కన్నుమూసిందన్న దుర్వార్త కావచ్చు. ఏదైనా సరే, టెలిగ్రామ్ ఊరికే రాదని అందరికీ తెలుసు. మాటకింత అని రుసుము చెల్లించాలి కనుక, పంపేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచించి, అనవసరమైన మాటలన్నీ కొట్టివేసి, అత్యవసరమైనదే పంపేవాడు.

2013 జూలైలో మన దేశంలో టెలిగ్రామ్ సేవ ముగిసింది. కాని ఆ వార్తాహరుడు ఎక్కడికీ పోలేదు. వచ్చి మన చొక్కా జేబులోనే కాపురం పెట్టాడు. ఇప్పుడతనికి వేళాపాళా లేదు. కరెంటు బిల్లు కట్టవలసిన గడువు, మేనల్లుడి పెళ్ళి ఫొటో, బ్యాంకు ఖాతాలో నుంచి డబ్బు పోయిన కబురు, మనం ఎన్నడూ కొనబోని చెప్పులమీద తగ్గింపు ధర - అన్నింటికీ అదే గంట, అదే కేక. పంపేవాడికి మాటకు పైసా కూడా ఖర్చు కాదు. ఖర్చంతా అందుకొనేవాడిదే. అతడు చెల్లించే రుసుము అతని ధ్యాస.

ఈ పిలుపునే నోటిఫికేషన్ అంటున్నాము. అది దానంతట అది పుట్టదు. ఎక్కడో ఒక ప్రోగ్రామరు కూర్చుని, ఫోనును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ అనే పెద్ద యంత్రాంగంలో తన బుల్లి ప్రోగ్రామును అతికిస్తాడు. గోడమీది సాకెట్‌లో ప్లగ్గు పెట్టినట్లు పెట్టి తీయగలిగిన ఇటువంటి భాగాన్ని ప్లగ్-ఇన్ అంటారు. చూడబోతే అది వందో రెండు వందలో పంక్తుల రాత. కాని అది పరాయి ఇంట్లో అడుగుపెట్టే అతిథి. ఆ అతిథి ఎక్కడ కూర్చోవాలి, ఎంతసేపు ఉండాలి, ఎంత గట్టిగా మాట్లాడాలి అన్న మర్యాదలు స్థిరపడటానికి పది సంవత్సరాలకు పైగా పట్టింది. ఐఫోను చరిత్రలో ఈ కథ స్పష్టంగా కనిపిస్తుంది.

నీలి పెట్టె

ఐఫోను 2007 జూన్ 29న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అప్పుడు అందులో ఆపిల్ సంస్థ పెట్టిన ప్రోగ్రాములు తప్ప బయటివారి ప్రోగ్రాములకు చోటు లేదు. 2008 జూలైలో ఆప్ స్టోర్ అనే అంగడి తెరుచుకున్నది. సుమారు 500 ప్రోగ్రాములతో మొదలైన ఆ అంగడికి వెంటనే ఒక చిక్కు ఎదురైంది. తెరమీద ఉన్న ప్రోగ్రాము ఒక్కటే మేలుకొని ఉంటుంది. మరొకటి తెరవగానే మొదటిది నిద్రలోకి జారుతుంది. నిద్రపోయినవాడికి ఉత్తరం వచ్చిందని చెప్పేదెవరు?

అన్ని ప్రోగ్రాములనూ మేలుకొని ఉండనిస్తే సరిపోదా అని అడగవచ్చు. ఒక ఊళ్ళో 20 ఇళ్ళున్నాయనుకోండి. ఉత్తరం వచ్చిందేమో చూసి రమ్మని ప్రతి ఇంటివారూ పావుగంటకొక మనిషిని తపాలా కార్యాలయానికి పంపితే, ఊరి జనమంతా దారిలోనే అలసిపోతారు. ఫోనులో ఆ అలసట పేరు బ్యాటరీ. ప్రతి ప్రోగ్రామూ విడివిడిగా రేడియోను మేలుకొలుపుతూ ఉంటే సాయంత్రానికి ఫోను చల్లబడిపోతుంది.

దీనికి విరుగుడు ఊరందరికీ ఒక్క తపాలా బంట్రోతు. ఫోను ఆపిల్ వారి కంప్యూటర్లతో ఎడతెగని సంబంధం ఒక్కటి మాత్రమే పెట్టుకొంటుంది. ఏ ప్రోగ్రాము యజమాని అయినా తన కబురును ఆ కంప్యూటర్లకు అప్పగించాలి. అవి ఆ ఒక్క తీగమీదుగా ఫోనుకు చేరవేస్తాయి. పుష్ నోటిఫికేషన్ అంటే ఇదే. 2008 జూన్‌లో ప్రకటించి, సెప్టెంబరుకల్లా ఇస్తామన్న ఈ సౌకర్యం చివరికి 2009 జూన్ 17న అందింది.

బంట్రోతు సంచీ చిన్నది. కబురు, దాని కవరు, చిరునామా చీటీలు కాక మిగిలిన సమాచారమంతా కలిపి 256 బైట్లు మించరాదని నియమం. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు లిపిలో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు కావాలి; 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం రాయటానికే ఆరు గుర్తులు, అనగా 18 బైట్లు. పాత టెలిగ్రామ్‌లోని పొదుపు మరో రూపంలో తిరిగి వచ్చిందన్నమాట. ఆ పరిమితి తరువాతి సంవత్సరాలలో 2048కి, ఆపైన 4096కి పెరిగింది.

కబురు చేరవేయటం కుదిరింది కాని, దానిని చూపించే పద్ధతి మాత్రం మొరటుగా ఉండేది. కబురు రాగానే తెర నడుమ ఒక నీలి పెట్టె ప్రత్యక్షమయ్యేది. మీరు ఉత్తరం రాస్తున్నా, దారి వెతుక్కొంటున్నా, ఆట ఆడుతున్నా దానికి పట్టదు. దానికి సమాధానం చెప్పేదాకా మరో పని సాగనివ్వదు. మొదటి పెట్టెకు జవాబిచ్చేలోగా రెండవది వస్తే మొదటిది దాని వెనుక మరుగున పడేది. ఒక్కసారి తోసివేస్తే కబురు మళ్ళీ కనబడేది కాదు. 2008 అక్టోబరులోనే అమ్మకానికి వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోనులో ఈ బాధ లేదు. అక్కడ కబుర్లన్నీ తెర పైఅంచున ఒదిగి ఉండేవి. వేలితో కిందికి లాగితే పరదా దిగినట్లు దిగి వరుసగా కనిపించేవి. ఐఫోను వాడేవారు ఆ పరదాను చూసి నిట్టూర్చేవారు.

దొడ్డిదారిన వచ్చినవారు

సింహద్వారం మూసి ఉంటే దొడ్డిదారి వెతికేవారు ఎప్పుడూ ఉంటారు. ఐఫోనులోని తాళాలను విప్పి, ఆపిల్ అనుమతి లేని ప్రోగ్రాములను కూడా ఎక్కించే పద్ధతికి జైల్‌బ్రేక్ అని పేరు. చెరసాల గోడ దూకటం అన్నమాట. ఇలా విప్పిన ఫోనులకోసం జే ఫ్రీమన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 2008 ఫిబ్రవరిలో సిడియా అనే పంపిణీశాలను ప్రారంభించాడు. ఆప్ స్టోర్ కంటే అది కొన్ని నెలలు పెద్దది! తన సొంత ఫోను తాళం తాను విప్పుకొనటం అమెరికా కాపీహక్కు చట్టాన్ని ఉల్లంఘించటం కాదని 2010 జూలైలో అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మినహాయింపు ఇచ్చింది.

ఈ గోడదూకినవారిలో ఎక్కువమంది దొంగలు కారు. తమ ఫోను మరికాస్త బాగుండాలని తాపత్రయపడిన విద్యార్థులూ ఔత్సాహికులూ. పీటర్ హాజస్ అనే విద్యార్థి అటువంటివారిలో ఒకడు. నీలి పెట్టెతో విసిగిన అతడు, మొబైల్‌నోటిఫయర్ అనే ప్రోగ్రామును రాసి, దాని మూలపాఠాన్ని కూడా దాచకుండా అందరికీ ఇచ్చాడు. కబురు వస్తే తెర పైఅంచున ఒక సన్నని పట్టీ మాత్రం కనిపించేది. చేస్తున్న పని ఆగేది కాదు. తీరిక దొరికినప్పుడు పాత కబుర్లన్నీ ఒకచోట చూసుకొనవచ్చు.

2011 జూన్ 6న ఆపిల్ తన అయిదవ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రకటించింది. అందులో నోటిఫికేషన్ సెంటర్ ఉన్నది: పైన సన్నని పట్టీ, కిందికి లాగితే పరదా. అదే రోజుల్లో హాజస్ ఆపిల్ ఉద్యోగంలో చేరుతున్నాడన్న వార్త కూడా వెలువడింది. దొడ్డిదారిన వచ్చిన కుర్రవాడిని ఇంటివారు సింహద్వారం గుండా లోపలికి పిలిచారు.

బుల్లి గదిలో అయిదు ప్రశ్నలు

2011 అక్టోబరు 12న కొత్త వ్యవస్థ ప్రజల చేతికి వచ్చింది. పరదా దించితే పైభాగాన రెండు చిన్న పలకలు కనిపించేవి: ఒకదానిలో వాతావరణం, రెండవదానిలో షేర్ల ధరలు. ఫోను లోపలి అరలను పరిశీలించే అలవాటున్నవారికి త్వరలోనే ఒక సంగతి తెలిసింది. ఆ రెండు పలకలూ పరదాలో కలిపి కుట్టినవి కావు. 'వీఆప్ ప్లగిన్స్' అనే పేరుగల అరలో విడివిడిగా పెట్టిన రెండు ప్లగ్-ఇన్‌లు అవి. 'వీ' అంటే స్కాట్లండువారి పలుకుబడిలో బుల్లి అని అర్థం. అరలో రెండు పెట్టగలిగితే మూడవది ఎందుకు పెట్టరాదు?

బయటివారు ఇందులో చేరవచ్చునని గాని, ఎలా చేరాలో గాని ఆపిల్ ఎక్కడా చెప్పలేదు. కాని ఆ ప్రోగ్రాములు రాసిన ఆబ్జెక్టివ్-సి భాషకు ఒక గుణం ఉన్నది. పాఠం యంత్రభాషలోకి మారిపోయిన తరువాత కూడా అందులోని పనుల పేర్లు చెరిగిపోకుండా నిలిచి ఉంటాయి. శిథిలాలయపు గోడలమీద శాసనాన్ని చదివినట్లు, ఆ పేర్లను బయటికి తీసి చదివే సాధనాలున్నాయి. చదివి చూస్తే, పరదాకూ పలకకూ మధ్య జరిగే సంభాషణంతా బయటపడింది. ఇంటి యజమాని అతిథిని అడిగే ప్రశ్నల వంటిదే అది.

నీ రూపం ఏది? నీకెంత ఎత్తు చోటు కావాలి? పరదా దిగబోతున్నది, సిద్ధమేనా? నీమీద ఎవరైనా వేలు పెడితే ఏ తలుపు తెరవాలి? పరదా పైకి వెళ్ళిపోయింది, నీ సామాను సర్దుకున్నావా?

ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగల ప్రోగ్రామును రాసి, దాని ముఖ్యభాగం పేరేమిటో తెలిపే చీటీని జతచేసి, రెండింటినీ ఒక సంచీగా కట్టి ఆ అరలో పెడితే చాలు. ఫోను దానిని తనదిగానే భావించేది. నేర్చుకొనేవారికోసం ఔత్సాహికులు తయారుచేసిన నమూనాలో పలక ఎత్తు 71 చుక్కలు. తెర వెడల్పేమో 320. ఆ కాస్త జాగాలో కొందరు క్యాలెండరును అమర్చారు, కొందరు వైఫై మీటను, కొందరు బ్యాటరీ లెక్కను.

మంచి అతిథికీ చెడ్డ అతిథికీ తేడా ఆ ప్రశ్నలలో రెండింటి దగ్గర తేలిపోయేది. మొదటిది, 'సిద్ధమేనా?' అన్నది. పరదా దిగటానికి క్షణంలో కొంతభాగం మాత్రమే పడుతుంది. ఆలోగా పలక తన రూపం చూపాలి. అందుకే మొదట ఒక తేలికపాటి నమూనా రూపం చూపి, తరువాత పూర్తిరూపం దాల్చే ఏర్పాటు ఉండేది. తెలివైన రచయిత క్రితంసారి తెలిసిన సమాచారాన్నే ముందుగా చూపించి, కొత్త సమాచారాన్ని చాటుగా తెప్పించుకొనేవాడు. రెండవది, 'సామాను సర్దుకున్నావా?' అన్నది. ఆనాటి ఐఫోను 3జీఎస్‌లో మొత్తం జ్ఞాపకశక్తి 256 మెగాబైట్లే. పరదా వెళ్ళిపోయిన తరువాత కూడా బొమ్మలనూ పట్టికలనూ పట్టుకొని కూర్చునే పలక, విస్తరి లేచిపోయినా పంక్తిలోనే కూర్చున్న భోక్తవంటిది. వెనుక ఆకలిగొన్నవారు ఎందరో నిలబడి ఉంటారు.

ఒకే కప్పు కింద

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. ఐఫోనులో చిహ్నాలన్నింటినీ బారులు తీర్చి చూపే మూల ప్రోగ్రాముకు స్ప్రింగ్‌బోర్డ్ అని పేరు. బుల్లి పలకలన్నీ ఆ స్ప్రింగ్‌బోర్డ్ కడుపులోనే నడిచేవి. వేరు గది లేదు, అడ్డుగోడ లేదు. పలకలో జరిగిన చిన్న పొరపాటు దానితో ఆగదు. లేని చిరునామాకు ఉత్తరం తీసుకుపోయినట్లు, ఖాళీ చేసిన జ్ఞాపకస్థలాన్ని మళ్ళీ తాకితే చాలు. స్ప్రింగ్‌బోర్డ్ మొత్తం కూలిపోయేది. తెర నల్లబడి, చిహ్నాలన్నీ మాయమై, ఫోను మళ్ళీ మొదటినుంచి తన తెరను కట్టుకొనవలసివచ్చేది.

కూలకపోయినా కొయ్యబారిపోవటం మరొక జబ్బు. తెరమీద బొమ్మ గీయటం, వేలి స్పర్శను అందుకొనటం - ఈ రెండూ ఒకే వరుసలో, ఒకదాని తరువాత ఒకటిగా జరుగుతాయి. ఒక్క గుమాస్తా మాత్రమే ఉన్న తపాలా కార్యాలయాన్ని ఊహించుకోండి. ముందున్న పెద్దమనిషి, "ఉండవయ్యా, పొరుగూరి ఆఫీసుకు ఫోను చేసి కనుక్కొని చెప్పు" అన్నాడనుకోండి. అక్కడినుంచి జవాబు వచ్చేదాకా గుమాస్తా కదలడు. వెనుక ఉన్నవారికి ఒక్క కార్డు ముక్క కూడా దొరకదు. అనుభవం లేని ప్రోగ్రామరు ఇదే చేసేవాడు. వాతావరణం కనుక్కొనటానికి ఆ ముఖ్యమైన వరుసలోనే నిలబడి ఇంటర్నెట్‌ను అడిగేవాడు. తన బల్లమీద, వేగమైన వైఫైలో అంతా చక్కగానే నడిచేది. ఆ ఫోను ఒక రైలు సొరంగంలోకి వెళ్ళినప్పుడు మాత్రం తెర మొత్తం బిగుసుకుపోయేది. ఆ క్షణాన ఫోను యజమానికి ఆసుపత్రికి ఫోను చేయవలసిన అవసరం ఉండవచ్చు. ప్లగ్-ఇన్ రాసినవాడికి ఆ సంగతి ఎన్నటికీ తెలియదు.

ఇది నేర్పు లేనివాడి సంగతి. నీతి లేనివాడి సంగతి ఇంకా భయంకరం. అడ్డుగోడ లేని ఇంట్లోకి వచ్చినవాడు పడకగదిలోకి కూడా పోగలడు. సందేశాలూ ఫొటోలూ పరిచయస్థుల పట్టికా అన్నీ అతనికి అందుబాటులోనే. తాళం విప్పిన ఫోనుల బలహీనత 2009 నవంబరులోనే లోకానికి తెలిసింది. అటువంటి ఫోనులలో దూరంనుంచి ప్రవేశించే ద్వారాన్ని ఏర్పాటు చేసుకొని, అందరికీ ఒకటే అయిన దాని రహస్యపదాన్ని మార్చుకొననివారు చాలామంది ఉండేవారు. ఆస్ట్రేలియాలో ఒక యువకుడు ఆ ద్వారం గుండా ఫోనునుంచి ఫోనుకు పాకే పురుగులాంటి ప్రోగ్రామును వదిలాడు. అది తెరవెనుక చిత్రాన్ని మార్చి ఒక పాప్ గాయకుని బొమ్మ పెట్టి వదిలేసింది. అంతవరకూ హాస్యమే. అదే నెలలో వచ్చిన మరో పురుగు నెదర్లాండ్స్‌లో ఒక బ్యాంకు ఖాతాదారులను మోసగించే ప్రయత్నం చేసింది. హాస్యం ముగిసింది.

కనుక ఈ కథలో ఇరుపక్షాలలోనూ న్యాయం ఉన్నది. తలుపులు మూసినవారికి మూయటానికి కారణం ఉన్నది. గోడ దూకినవారు చూపించిన అవసరమూ నిజమే.

గోడ కట్టి తలుపు పెట్టారు

రాజీ 2014 సెప్టెంబరు 17న కుదిరిందనవచ్చు. ఆనాడు విడుదలైన ఎనిమిదవ ఆపరేటింగ్ సిస్టమ్‌తో, పరదాలో పలకలు పెట్టుకొనే హక్కును ఆపిల్ బయటి ప్రోగ్రామర్లందరికీ అధికారికంగా ఇచ్చింది. అయితే ఒక్క ముఖ్యమైన మార్పుతో. ప్రతి పలకకూ ఇకనుంచి వేరు గది. అది కూలితే అదొక్కటే కూలుతుంది, ఇల్లు నిలుస్తుంది. తన గదిలోని సామాను తప్ప ఇతరుల పెట్టెలు తెరవలేదు. ఎక్కువ జ్ఞాపకస్థలం వాడితే వ్యవస్థే దానిని బయటికి పంపివేస్తుంది. గోడలు కట్టిన తరువాతనే అతిథులను ధైర్యంగా పిలవగలిగారు.

గోడ ఉన్నచోట కాపలావాడు కూడా ఉంటాడు. స్కాట్లండుకు చెందిన జేమ్స్ థామ్సన్ 1992నుంచి పీకాల్క్ అనే గణకయంత్ర ప్రోగ్రామును రాస్తూ, మెరుగుపరుస్తూ వస్తున్నవాడు. ఆయన పరదాలోనే కూడికలూ తీసివేతలూ చేసుకొనే పలకను తయారుచేశాడు. ఆపిల్ దానిని అనుమతించింది. 2014 అక్టోబరు చివరలో మాత్రం, పలకలలో లెక్కలు చేయరాదు, తీసివేయవలసిందేనని కబురు పంపింది. పత్రికలలో గగ్గోలు పుట్టింది. కొద్దిరోజులలోనే ఆపిల్ తన మాట వెనక్కు తీసుకున్నది. స్కాట్లండువాడి 'వీ' గణకయంత్రం బతికిపోయింది. నియమం రాసి ఉండకపోతే కాపలావాడి ఇష్టమే నియమం అవుతుందని ఈ చిన్న ఉదంతం తెలియజేసింది.

2016లో మరో మెట్టు ఎక్కారు. కబురు ఫోనుకు చేరిన తరువాత, తెరమీద కనిపించేలోగా, దానిని అందుకొని సరిదిద్దగల ప్లగ్-ఇన్‌కు అవకాశం కల్పించారు. ఇది ఎందుకు? కొన్ని సందేశ సాధనాలలో మాటలు పంపేవాడి ఫోనులో తాళం పడి, అందుకొనేవాడి ఫోనులోనే విప్పుకొంటాయి. నడుమనున్న కంప్యూటర్లకు అందులో ఏమున్నదో తెలియదు. అటువంటప్పుడు 'అమ్మ ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చింది' అన్న మాటను తెరమీద చూపేదెలా? తాళం వేసిన పెట్టెను బంట్రోతు అలాగే తెచ్చి ఇస్తాడు. 'దీనిని మార్చవచ్చును' అన్న గుర్తు దానిమీద ఉంటే, ఫోను ఆ బుల్లి ప్లగ్-ఇన్‌ను నిద్రలేపుతుంది. అది తన దగ్గరున్న చెవితో తాళం తీసి, అసలు మాటలను కవరుమీద రాసి అప్పగిస్తుంది.

ఇందుకు దానికిచ్చే వ్యవధి 30 సెకనులు మించదు. గడువు ముగియవచ్చినప్పుడు వ్యవస్థ ఒక హెచ్చరిక చేస్తుంది: ఇప్పటివరకు చేసింది ఇచ్చివేయి అని. అప్పటికీ ఇవ్వకపోతే వచ్చిన కబురు వచ్చినట్లే తెరమీదికి పోతుంది. అందుచేత వివేకం గల రచయిత పైకవరుమీద 'కొత్త సందేశం వచ్చింది' అని ముందుగానే రాసిపెడతాడు. తాను విఫలమైనా కబురు ఆగదు, రహస్యం బయటపడదు. తన ఓటమికి కూడా ముందుగా ఏర్పాటు చేసుకొనటమే ఈ విద్యలో పరిణతికి గుర్తు. బుల్లి పలకలు రాసినవారు ఇల్లు కూల్చుకొని నేర్చిన పాఠం ఇప్పుడు నియమావళిలోకి ఎక్కింది.

నాన్నా, పులి!

గోడలు ఇంటిని కాపాడగలవు. ఇంటివాడి ధ్యాసను మాత్రం కాపాడలేవు. ఆ రక్షణకోసం మరికొన్ని ఏర్పాట్లు అవసరమైనాయి. 2017లో ఆండ్రాయిడ్ ఎనిమిదవ రూపం, ప్రతి ప్రోగ్రామూ తన కబుర్లను రకాలుగా విభజించి తీరాలని శాసించింది. 'మీ సరుకు బయలుదేరింది' అన్నది ఒక పాయ, 'తగ్గింపు ధరలు' మరొక పాయ. రెండవదాన్ని మూసి మొదటిదాన్ని ఉంచుకొనే స్వేచ్ఛ ఫోను యజమానికి దక్కింది. 2022లో వచ్చిన పదమూడవ రూపంలో, కొత్తగా ఎక్కించిన ప్రోగ్రాము యజమానిని ముందుగా అడగకుండా ఒక్క కబురైనా పంపరాదన్న నియమం చేరింది. ఐఫోనులో అనుమతి అడగటం మొదటినుంచీ ఉన్నదే. 2021లో కబుర్లకు తరతమ భేదాలు కూడా ఏర్పడినాయి: మౌనంగా వచ్చి వరుసలో చేరేవి, మామూలువి, ఆలస్యం పనికిరానివి, అన్నింటికీ మించి ప్రాణసంకటమైనవి.

ఆ చివరిదానిని ఎవరుపడితే వారు వాడటానికి వీలులేదు. ఫోను గొంతు నొక్కి ఉంచినా మోగగలిగిన ఆ గంటకోసం 2018నుంచి ప్రోగ్రామరు ఆపిల్‌ను ప్రత్యేకంగా కోరి అనుమతి పొందవలసి ఉన్నది. మధుమేహ రోగి ఒంటికి అంటించుకొన్న పరికరం అర్ధరాత్రివేళ రక్తంలో చక్కెర ప్రమాదస్థాయికి పడిపోతున్నదని గుర్తించిందనుకోండి. రోగి నిద్రలో ఉన్నాడు. అప్పుడు మోగే గంట అతనిని లేపాలి. లేపకపోతే అతడు లేవకపోవచ్చు.

'నాన్నా, పులి!' కథ వినని తెలుగువాడు ఉండడు. మొదటి రెండు కేకలకు పరుగెత్తుకొని వచ్చిన తండ్రి, మూడవ కేకకు రాలేదు. పులి మాత్రం వచ్చింది. ఆ కథలో పిల్లవాడు ఒక్కడే. మన ఫోనులో ఎన్ని ప్రోగ్రాములున్నాయో అంతమంది పిల్లలు. ఒకడు చెప్పుల తగ్గింపు ధరకు పులి అంటాడు, మరొకడు ఆటలో ఉచితంగా దొరికే నాణేలకు పులి అంటాడు. విసిగిన యజమాని అందరి నోళ్ళూ ఒకేసారి మూసివేస్తాడు. ఆ మూసివేతలో, నిజంగా పులిని చూసినవాడి నోరు కూడా మూతపడుతుంది. అనవసరంగా కేక వేసిన ప్రోగ్రామరు చేసే చెరుపు తన వాడుకరితో ఆగదు. అవసరమై కేకవేయబోయే ప్రతి ఒక్కరి గొంతునూ అతడు కొంత పాడుచేస్తాడు.

2023లో మన టెలికమ్యూనికేషన్ల శాఖ దేశంలో వరుసగా కొన్ని పరీక్షలు జరిపింది. ఉన్నట్టుండి ఆఫీసులలో, బస్సులలో, ఇళ్ళలో ఫోనులన్నీ ఒక్కసారిగా వింతగా కూసినాయి. ఉలిక్కిపడి చూసినవారికి తెరమీద ఇది పరీక్ష మాత్రమేనన్న మాట కనిపించింది. తుఫానో వరదో భూకంపమో వచ్చినప్పుడు, ఆ ప్రాంతంలోని స్తంభాలనుంచి అక్కడున్న ఫోనులన్నింటికీ ఒకేసారి హెచ్చరిక పంపే ఏర్పాటు అది. దానికి ఎవరి ఫోను నంబరూ అక్కరలేదు, ఏ ప్రోగ్రామూ ఎక్కించుకోనక్కరలేదు. ఊరి నడిబొడ్డున డప్పు కొట్టి దండోరా వేసినట్లు, వినబడినంత మేర అందరికీ వినబడుతుంది. కోస్తా తీరంలో తుఫానుల కాలం ఎలా ఉంటుందో ఎరిగినవారికి ఆ కూత విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ కూత విని మనం ఉలిక్కిపడినాము కనుకనే అది పనికివస్తుంది. రోజుకు పదిసార్లు కూస్తే ఎవరు ఉలిక్కిపడతారు?

పంపేముందు

నేడు ఈ విద్య నేర్చుకొనటం కష్టం కాదు. ఒక కంప్యూటరు, ఒక ఫోను, కొద్ది వారాల సాధన చాలు. మన కళాశాలలలో చదివే పిల్లలు కూడా సెలవులలో కూర్చుని ఒక ప్లగ్-ఇన్ రాయగలరు. గోడ దూకవలసిన అవసరం ఇప్పుడు లేదు. తలుపు తెరిచే ఉన్నది. నేర్చుకొనవలసిన కష్టమైన భాగం ఏ పుస్తకంలోనూ పంక్తులుగా రాసి ఉండదు. కబురును పంపేముందు రచయిత తనను తాను అడగవలసినవి మూడు మాటలు. ఈ క్షణాన ఇది తెలియకపోతే అవతలివారికి ఏమి నష్టం? నా ప్రోగ్రాము మధ్యలో చతికిలబడితే వారి చేతిలో ఏమి మిగులుతుంది? ఇక చాలు అని వారు అనదలచుకొంటే, అనటానికి సులువైన దారి ఉంచానా?

మొదటి ప్రశ్నకు జవాబు దొరకకపోతే ఆ కబురు పంపకపోవటమే మంచి ప్రోగ్రామరు లక్షణం. తెరమీద అది ఎవరికీ కనిపించదు. దానికి ఎవరూ మెచ్చుకోరు. భోజనం చేస్తున్న ఒక కుటుంబం మాట తెగకుండా సాగుతుంది, అంతే.

వెనుకటి టెలిగ్రామ్ బంట్రోతు తలుపు తట్టితే ఇల్లంతా లేచి వచ్చేది. అతని గొంతు పెద్దదై కాదు. అతడు ఊరికే తట్టడని వారికి తెలుసు. ఆ నమ్మకం ఏ ప్లగ్-ఇన్‌తోనూ రాదు. తట్టిన ప్రతిసారీ తగిన కబురు తెచ్చినవాడికే అది దక్కుతుంది.